పెట్టెలో లేని ముక్క

గోవిందయ్యకు ఆ పేజీ కంఠతా వచ్చేసింది కానీ మనసు ఒకచోట నిలవడం లేదు. గిద్దలూరు బోర్డు స్కూలు స్టాఫు రూములో కుర్చీ ఖాళీగా ఉన్నా నిలబడే చదువుతున్నాడు. రెండు వరసలు చదవడం, కిటికీ దాకా పోవడం, మళ్లీ వచ్చి అవే రెండు వరసలు చదవడం. చేతిలో ఉన్నది మద్రాసు మౌంట్ రోడ్డులోని ఒక ఆటబొమ్మల దుకాణం వాళ్ల క్యాటలాగు. కొత్తగా కొనేవాళ్ల కోసమని ఆ పేజీలో 'ఓ గేజి' అనే కొలత బొమ్మరైలు సెట్లు నాలుగు వేశారు. ఇంజను జానెడు పొడుగుంటుంది, పట్టాల మధ్య ఎడం అంగుళంపావు.

"ఏందయ్యా గోవిందయ్యా, కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావు?" అంది ఎలీషబమ్మ. ఆమె లెక్కల టీచరు. వయసులో పెద్దది. స్కూలుకు రాకముందు మార్కాపురంలో ఒక దొరల బంగళాలో పిల్లలకు చదువు చెప్పింది.

"రైలు కొనాలక్కా. ఏది కొనాలో తెగడం లేదు."

"పెళ్లా, పెటాకులా. నీకెందుకయ్యా బొమ్మరైలు?"

"నాక్కాదు. మా అన్నకు."

ఎలీషబమ్మ కలం పక్కన పెట్టింది. "ఎర్రయ్యకా? ఆయనకు మీసాలు నెరిసినాయి గదా."

గోవిందయ్య చెప్పక తప్పలేదు. అన్న ఎర్రయ్య రెండేళ్లుగా రైల్వేలో పట్టాలు బాగుచేసే గ్యాంగులో కూలీ. గిద్దలూరికి అవతల చిన్న స్టేషనులో పాయింట్సుమన్ ఉద్యోగం ఖాళీ అయింది. పట్టాలు చీలే చోట ఉండే పాయింటును తిప్పి, ఒక పట్టా మీద వచ్చే బండిని ఇంకో పట్టాలోకి మళ్లించేవాడే పాయింట్సుమన్. ఈ నెల ఇరవై నాలుగున ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు వచ్చి నోటితోనే ప్రశ్నలడుగుతాడు. చెప్పగలిగితే ఖాయం ఉద్యోగం. చెప్పలేకపోతే గ్యాంగులో కూడా మనుషుల్ని తగ్గిస్తున్నారు కనుక ఎర్రయ్య అర్ధవీడు పోయి ఎవరి మందకో జీతానికి కుదరాలి. తన మంద లేదు. గోవిందయ్య అనంతపురంలో బి.ఏ. ఆఖరి ఏడాది చదివేటప్పుడు ఫీజు కోసం ఎర్రయ్యే తన ఇరవై రెండు తల్లిగొర్రెల్ని తోలుకుపోయి కంభం సంతలో అమ్మేశాడు. దాని సంగతి ఆయన మళ్లీ ఎత్తలేదు. గోవిందయ్యే మరిచిపోలేదు.

"అన్ని ప్రశ్నలకూ చెప్తాడక్కా. పచ్చజెండా, ఎర్రజెండా, దీపాలు, అన్నీ. ఒక్కదాని దగ్గరే తప్పుతాడు. గూడ్సును పక్కలైనులోకి పంపినాక ఏం చేస్తావు అంటే, ఇంకో బండి వచ్చినప్పుడు చూసుకుంటానంటాడు. పాయింటును వెంటనే మెయిన్ లైనుకు తిప్పి తాళం వెయ్యాలని నూరుసార్లు చెప్పినా. పలక మీద గీసి చూపించినా. ఊఁ అంటాడు, మర్నాడు మళ్లీ అదే."

"పలక మీద బండి కదలదు గదా," అంది ఆమె.

"అందుకే ఈ రైలు."

ఎలీషబమ్మ క్యాటలాగు తీసుకుని కళ్లద్దాలు సర్దుకుంది. "ఈ ముప్ఫై అయిదు రూపాయలది కరెంటుతో నడిచేది. ఊళ్లో కరెంటు ఎప్పుడొస్తుందో, అప్పుడు కొందువులే. ఈ ఎర్రపెట్టెలది చూడటానికి బాగుంది, నీ అన్న ప్యాసింజరు ఎక్కడానికి పోవడం లేదు గదా. కీ ఇచ్చే గూడ్సు సెట్టు తీసుకో. దొర పిల్లల దగ్గర అట్లాంటిదే ఉండేది. ఇంజను ఏదైనా తిరుగుతుందయ్యా, దాని రంగు చూసి మోసపోవద్దు. పట్టాలు ఏమేమి ఇస్తున్నాడో చూడు. పట్టా రెండుగా విడిపోయే ముక్క పెట్టెలో ఉందో లేదో ఒక కార్డు రాసి అడుగు."

గోవిందయ్య వేలు ఏడున్నర రూపాయల గూడ్సు సెట్టు మీద ఉంది. బొమ్మలో గుండ్రంగా పట్టాలు, పక్కకు చీలిపోయే లైను, దాని చివర చిన్న స్టేషను, ఒక సొరంగం కూడా ఉన్నాయి. కింద 'పట్టాలతో సహా సంపూర్ణం' అని ఇంగ్లీషులో ఉంది. కార్డు రాస్తే జవాబుకు వారం, ఆపైన పార్సెలుకు ఇంకో వారం. ఇరవై నాలుగు ఎంతో దూరం లేదు.

"బొమ్మలోనే ఉంది గదక్కా," అన్నాడు. ఆ సాయంత్రమే ఆర్డరు వేసి వచ్చాడు.

తర్వాత తొమ్మిది రోజులు పోస్టాఫీసు గడప అరగదీశాడు. పాఠం మధ్యలో పార్సెలు బండి చప్పుడైతే సుద్దముక్క పట్టుకునే వాకిట్లోకి వచ్చేవాడు. పదో రోజు, డబ్బు కట్టి విడిపించుకునే వీ.పీ. పార్సెలు వచ్చింది. ఆదివారం పొద్దున దాన్ని చంకన పెట్టుకుని అన్న ఇంటికి నడిచాడు.

ఎర్రయ్య పంచలో కూర్చుని ఉన్నాడు. వదిన సుబ్బులమ్మ తలుపుచెక్క ఒకటి తెచ్చి నేల మీద పరిచింది. గోవిందయ్య పెట్టె విప్పాడు. నల్ల ఇంజను, దాని వెనక బొగ్గుపెట్టె, రెండు గూడ్సు పెట్టెలు, తాళంచెవి. తర్వాత రేకు పట్టాలు, వంపు ముక్కలు ఎనిమిది. అన్నీ కలిపితే చక్కటి గుండ్రం అయింది. ఇంకేమీ లేదు. గోవిందయ్య పెట్టెను బోర్లించి తట్టాడు. అడుగున పరిచిన కాగితం కూడా తీసి చూశాడు. క్యాటలాగు తెరిస్తే అక్కడే, బొమ్మ కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: స్టేషను, సొరంగం, పాయింట్లు వేరుగా కొనుక్కోవాలి.

ఇంజనుకు కీ ఇచ్చి వదిలాడు. అది గిర్రున తిరిగి వచ్చింది, మళ్లీ తిరిగింది.

ఎర్రయ్య చాలాసేపు చూశాడు. "బాగుందిరా. గానుగ."

సుబ్బులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నూనె ఎప్పుడు కారుతుందో అడుగు, ఒక ముంత తెచ్చి పెడతా."

గోవిందయ్యకు నవ్వు రాలేదు. బి.ఏ. చదివినవాడు. నిండా ఇంగ్లీషు చదివి, కింది వరస చదవలేదు. "ఇంకా పది రోజులే ఉన్నాయన్నా. మళ్లీ తెప్పించేదానికి దినాలు చాలవు," అంటూ లేచి పంచలో అటూ ఇటూ తిరిగాడు.

"కూసోరా. నువ్వు కూడా దాని మాదిరే తిరిగితే నాకు కండ్లు తిరుగుతాండాయి." ఎర్రయ్య వంగి ఒక పట్టా ముక్కను వేలితో కదిలించాడు. "నాకు జూపీయల్సింది ఏంది? దోవ ఇటు ఉంటాది, అటు ఉంటాది, అంతే గదా. పట్టకారు తేపో."

రెండు ముక్కల కొసల్లో ఉన్న పిన్నుల్ని ఎర్రయ్య పట్టకారుతో లాగేశాడు. ఒక్క వంపు ముక్క విడిగా వచ్చింది. మిగతా గుండ్రాన్ని తలుపుచెక్కకు చీలలతో బిగించాడు. విడి ముక్క బయటికీ లోపలికీ జరిగేట్టు దానికి అటూ ఇటూ చీరేసిన వెదురుబద్దలు కొట్టాడు. గొర్రెల దొడ్డికి తడిక కట్టే మనిషి చెయ్యి అది, ఎక్కడా తడబడలేదు.

"ఇది బయటికి జరిపితే గూడ్సు పక్కలైనులోకి పోయినట్ల. లోపలికి తోస్తే మెయిన్ లైను. నువ్వు కేకెయ్యి, నేను తోస్తా."

గోవిందయ్య కీ ఇచ్చాడు. బండి విడి ముక్కను దాటగానే, "గూడ్సు లోపలికి పోయింది," అన్నాడు. ఎర్రయ్య ముక్కను బయటికి లాగాడు. లాగి, దాని మీద చెయ్యి పెట్టుకుని ఇంజను కోసం చూస్తూ ఉండిపోయాడు. అది అటువైపు వంపు తిరిగి ముక్కు చూపించింది. అప్పుడు తోశాడు. తోసేలోపు ఇంజను సందులో పడి, చెక్క మీంచి దొర్లి, మెట్టు మీద ముక్కు కొట్టుకుంది. రెండు పెట్టెలు దాని మీద పడ్డాయి. పొగగొట్టం సొట్టపోయింది.

సుబ్బులమ్మ నవ్వు ఆగిపోయింది. మళ్లీ పెట్టారు. మళ్లీ పడింది. మూడోసారీ అంతే. మూడుసార్లూ ఎర్రయ్య ఇంజను మొహం కనబడేదాకా ఆగాడు.

నాలుగోసారి కీ ఇవ్వబోతుంటే ఎర్రయ్య తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండు. తప్పు యాడుందో దొరికింది." గడ్డం గీరుకున్నాడు. "తెల్లారి మందను వేరుజేసేటప్పుడు తడిక కాడ నిలబడతాం గదా. తల్లి వస్తే అటు, పిల్ల వస్తే ఇటు. పోయిన గొర్రె యాడికి పోయిందో తడిక ఆడనే ఉండాల. ముందే తిప్పితే వచ్చేది బెదురుతాది. దాని మొగం చూసినాక తిప్పల్ల. నాయన నాకు నేర్పింది అదే. ఇరవై ఏండ్లు అట్ల చేసినాను."

"అందుకేనా?"

"గొర్రె తడిక కాడికొచ్చి ఆగుతాదిరా. నన్ను చూస్తాది. ఇది ఆగదు." ఇంజనును చేతిలోకి తీసుకుని సొట్ట మీద బొటనవేలుతో రుద్దాడు. "ఇట్ల చెప్పింటే నూరుసార్లు చెప్పే పని లేకపాయ. ఇంగ కీ ఇయ్యి."

ఆ రోజు మధ్యాహ్నం దాకా, తర్వాత ప్రతి సాయంత్రం వెలుతురున్నంతసేపూ బండి తిరిగింది. నాలుగో రోజుకు ఆఖరి పెట్టె దాటగానే ఎర్రయ్య చెయ్యి ముక్కను బయటికి లాగి, దానంతటదే వెంటనే లోపలికి తోసేది. గోవిందయ్య కావాలని మాటల్లో పెట్టేవాడు, కొమరోలు వానల సంగతి అడిగేవాడు, సుబ్బులమ్మ ఊరగాయ గురించి తగవు పెట్టేది. మాట్లాడుతూనే తోసేవాడు.

ఇరవై నాలుగున గోవిందయ్య సెలవు పెట్టి స్టేషనుకు పోయాడు. లోపలికి రానివ్వలేదు. కిటికీ కింద బెంచీ ఉన్నా కూర్చోలేక గోడవెంట నడిచాడు. ఇన్‌స్పెక్టరు గొంతు స్పష్టంగానే వినిపిస్తోంది. జెండాలు అయినాయి, దీపాలు అయినాయి.

"గూడ్సును పక్కలైనులోకి తీసుకున్నావు. ఇంక?"

గోవిందయ్య కిటికీలోంచి తొంగి చూశాడు. ఎర్రయ్య కుడిచెయ్యి నడుము దగ్గర దేన్నో లోపలికి తోసినట్టు కదిలింది.

"వెనకపెట్టె హద్దు గుర్తురాయి దాటంగానే పాయింటు మెయిన్ లైనుకు తిప్పుతానయ్యా. తాళమేసి తాళంచెవి స్టేషను మాస్టరుకిస్తా."

"తర్వాతి బండికి రెండు గంటలుందనుకో. అంత తొందరేంది?"

"నేను మరిచిపోయేదానికి రెండు గంటలు చాలు గదయ్యా."

కుర్చీ కిర్రుమంది. "గ్యాంగులో ఇవి చెప్పరే. ఎక్కడ నేర్చుకున్నావు?"

"గానుగ మీద," అన్నాడు ఎర్రయ్య.

ఇన్‌స్పెక్టరుకు అర్థం కాలేదు. కానీ కాగితం మీద కలం గీసిన చప్పుడు గోవిందయ్యకు వినబడింది. ఎర్రయ్య బయటికి వచ్చి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, వక్కపలుకు నోట్లో వేసుకున్నాడు.

"ఏమైందన్నా?"

"ఒకటో తేదీ నుంచి రమ్మన్నాడు." ఇంకో పలుకు తమ్ముడి చేతిలో పెట్టాడు. "ఆ పుస్తకం తెచ్చినావా? జీతం రాంగానే ఆ విడిపోయే ముక్క తెప్పిద్దాం. నిజమైన దాని మీద ఒకసారి తిప్పి చూడాల."

గోవిందయ్య సంచిలోంచి క్యాటలాగు తీశాడు. ఈసారి బొమ్మ చూడలేదు. చీమ తలకాయ అక్షరాల దగ్గరికే పోయి, చివరి వరస దాకా పెదవులు కదుపుతూ చదివాడు. పాయింట్లు రెండు రకాలున్నాయి. తమ ఎనిమిది ముక్కలకు ఏది అతుకుతుందో అందులో లేదు.

బెంచీ మీద కూర్చున్నాడు. జేబులోంచి పోస్టుకార్డు తీశాడు.

"ఏం రాస్తాండావు?"

"ఏది అతుకుతుందో అడుగుతున్నా. ఎలీషబమ్మ మొదటే చెప్పింది."

"పొగగొట్టం సొట్ట సంగతి కూడా రాయి."

"అది వాళ్ల తప్పు కాదన్నా."

"నా తప్పేలే," అన్నాడు ఎర్రయ్య, తమ్ముడి పక్కన చేరగిలబడి. "అయినా రాయి. ఏమంటారో చూద్దాం."