మోర్సింగు భగవానులుగారు కొలిమి పెట్టుట

వర్షాకాలమేఘములు తమ కొలువు చాలించి కొండలకావలికి మరలిపోగా శరల్లక్ష్మి ధవళాంబరధారిణియై పీఠికాపురప్రాంతమున నడుగుపెట్టెను. కాలువగట్ల వెంబడి రెల్లుపూవులు వింజామరలు వీచుచుండెను. ఈనిన వరిచేలమీదుగా ప్రాతఃకాలమందమారుతము పాలకంకుల కమ్మదనమును మోసికొనివచ్చి పురవీధులలో నింటింటికిని బంచిపెట్టుచుండెను. కొంగలు మహర్షులవలె నొంటికాలిపై నిలిచి చేపలను ధ్యానించుచుండెను. ఇట్టి సకలజనమనోహరమగు ప్రభాతవేళ ఆకొండి భగవానులుగారు మాత్రము ఆకాశమువంక గాని చేలవంక గాని చూడక పెరటియరుగుపై గూర్చుండి యరచేతిలోని రెండినుపతునుకలను జూచుకొని కన్నీరు నించుచుండిరి.

ఆ రెండు తునుకలును గలసి యొకప్పుడొక మోర్సింగు. మోర్సింగనగా నేమియో యెరుగనివారికి రెండు మాటలు. అది యరచేత నిముడు నినుపకట్టు. దాని నడుమ సన్నని యుక్కునాలుక యుండును. కట్టును పంటిసందున నిలిపి నాలుకను వ్రేలితో మీటుచు నూపిరితో నాడించినచో మృదంగము పలుకు జతులన్నిటిని నదియు బలుకును. ముప్పదియేండ్లుగా భగవానులుగారు మృదంగవిద్వాంసుల ప్రక్కన గూర్చుండి యా చిరుతయినుమును నోట గరచుకొని మహాసభలను దలలూపించిన ఘనులు. అట్టివారి మోర్సింగు శ్రావణమాసమున నొక పెండ్లికచేరీలో తాళవాద్యములు మాత్రమే మ్రోగు తనియావర్తనము శిఖరము నందుకొను క్షణమున బుటుక్కున విరిగెను. పెండ్లివారు అదియు నొక క్రొత్తజతి యనుకొని చప్పట్లు చరచిరి. ఆ చప్పట్లు తలపునకు వచ్చినపుడెల్ల భగవానులుగారికి నన్నము సయింపదయ్యెను.

విరిగినది పోయె, వేరొకటి చేయించుకొనరాదా యందురేమో. ఆయనకు మోర్సింగులు చేసి యిచ్చుచు వచ్చిన కమ్మరి లక్కోజు అప్పలాచారి రెండేండ్లక్రిందట గాలధర్మము నొందెను. అంగడిలో దొరకు మోర్సింగులు తెప్పించి చూడగా నొకటి మేకవలె నరచెను. మరియొకటి దోమవలె మూలిగెను. ఇంతలో గానసభ కార్యదర్శి వచ్చి ధనుర్మాసోత్సవమునాటికి వాద్యము సిద్ధము కానిచో వారి స్థానమున ఘటవిద్వాంసుని గూర్చుండబెట్టెదమని మిక్కిలి వినయముగా జెప్పిపోయెను. వినయముగా జెప్పిన మాటయే కదా యెక్కువ మండును! ఘటమొకసారి వచ్చి చదికిలబడిన చోట మోర్సింగునకు మరల జోటు దొరకుట కల్ల. నోరుగలవానిదే రాజ్యమన్న లోకమున భగవానులుగారి నోరు మూతబడుటకు రెండున్నర మాసములే గడువుండెను.

అంతట నా మహానుభావుడు భీషణప్రతిజ్ఞ యొకటి గావించెను. కమ్మరి లేకున్న దామే కమ్మరియై పెరటిలోని పిడకలసావిటిలో గొలిమి పెట్టి పాతపనిముట్లు సేకరించి తమ మోర్సింగును దామే సాగగొట్టుకొందురట!

ఆ ప్రతిజ్ఞ విని ధర్మపత్ని శేషమాంబగారు పప్పుగుత్తి చేతబట్టుకొనియే పెరటిలోనికి వచ్చిరి.

“ముప్పై ఏళ్లుగా నోట్లో ఇనుము పెట్టుకుని తిరుగుతుంటే పోనీలే అని ఊరుకున్నానండీ. ఇప్పుడు ఇంట్లోనే కొలిమా? పిడకల సావిట్లో నిప్పు రాజేస్తే ముందు కాలేది ఇనుము కాదు, మన కొంప!”

“శేషూ! నాదబ్రహ్మోపాసనకై యొక సావిడి కాలిన నేమి?” అని భగవానులుగారు గంభీరముగా బలికిరి.

నాదబ్రహ్మముతో వాదించి గెలిచిన యిల్లాలు లేదని యెరిగిన యామె పిడకలన్నియు దానే మోసి దొడ్డిగోడకు జేర్చెను. సావిడి ఖాళీ యయ్యెను.

మరునాడు భగవానులుగారు బండి కట్టించుకొని కాకినాడ రేవునకు బోవు త్రోవలోని పాతయినుపసామానుల వీధికి వేంచేసిరి. తుప్పుపట్టిన యోడగొలుసులును బ్రద్దలైన బాయిలర్లును బండికమ్ములును గుట్టలుగుట్టలుగా బడియున్న యా వీధిలో మదీనా సాహెబు దుకాణము పెద్దది. సాహెబు నిజాయితీపరుడు. తన సరకులోని లోపములను గొనువానికంటె ముందు దానే చెప్పు వెర్రిబాగులవాడు. అయినను వినువాడుండవలెను గదా!

భగవానులుగారు పనిముట్లను జేతబట్టి చూడలేదు. చెవినిబెట్టి విన్నారు. ఒక్కొక్క సుత్తిని గోటితో మీటి చూచి యిది యపశ్రుతి యని యవతల బారవైచి కట్టకడపట నొకదానియొద్ద నిలిచిపోయిరి. అది ఖంగున షడ్జమము పలికెను.

“పంతులుగారూ, ఆ సుత్తి తల వదులుగా ఉందండీ. అందుకే అట్టా మోగుతోంది” అని సాహెబు హెచ్చరించెను.

“సాహెబూ! అది వదులు గాదు. గమకము.”

తరువాత బట్టకారు. కాలిన యినుమును బట్టుకొనుట కేర్పడిన యా పనిముట్లలో మంచివన్నియు నోరు బిగించుకొని మూగవై యుండగా నొక్కటి మాత్రము మీటినంతనే పంచమమున గణగణలాడెను.

“దాని నోరు కలవదండీ. ఏదీ పట్టదు.”

“నోరు తెరచినవాడే గదా పాడగలడు!”

పిమ్మట మేకతోలు తిత్తి. కొలిమిలోనికి గాలి నూదు నా తిత్తిని నొత్తగా నది విరహిణివలె దీర్ఘముగా నిట్టూర్చెను. భగవానులుగారి కన్నులు చెమర్చెను.

“చిల్లు పడిందండీ. గాలంతా పక్కనించి పోతోంది.”

“వేణువునకు మాత్రము చిల్లులు లేవా సాహెబూ?”

సాహెబు రెండుచేతులు జోడించెను. ఇక దాగలి మిగిలెను. కాల్చిన యినుమును బెట్టి కొట్టు నుక్కుదిమ్మ యది. అది లేని కొలిమి విగ్రహము లేని గుడి. అట్టి దాగలి తనయొద్ద లేదనియు మేలైనది చుట్టుప్రక్కల నొక్కటే కలదనియు నది కుమ్మరిమెట్టలో నప్పలాచారి భార్య మాణిక్యమ్మయొద్ద నున్నదనియు నెందరడిగినను ఆమె యీయలేదనియు సాహెబు తెలిపెను. భగవానులుగారు షడ్జమపంచమములను విరహిణితో గూడ బండి కెక్కించుకొని తిన్నగా గుమ్మరిమెట్టకు దోలించిరి.

మాణిక్యమ్మ యరువదియేండ్ల వృద్ధ. చేతులు మాత్రము నలువదియేండ్లవానివి. మగడు పోయినతరువాత మరదులు వచ్చి కొలిమిపనిముట్లన్నియు బంచుకొని పాతయినుమునకు వేసిరి. సావిడి గాలివానకు గూలెను. పసుపుకుంకుమలతో నలంకృతమైన దాగలి యొక్కటే యామె యింటియరుగుపై నుండెను. భగవానులుగారు దానిపై వ్రేలిమెటికతో నిట్లు తట్టిరో లేదో యట్లు పుట్టెనొక యనురణనము! ఆయన కన్నులు మూసికొని యది యడగువరకును నిలుచుండిరి.

“అమ్మా! దీని నాకిప్పింపుము. ఏమి కావలయునో కోరుకొనుము.”

“దాగలి అమ్మేది కాదండి బాబుగారూ” అనెను మాణిక్యమ్మ. “మా ఇంటావంటా లేదు. ఒక్క కాకలో మేకు సాగదీసినోడికి ఊరికే ఇచ్చేత్తాం. అంటే ఇనుం ఒక్కసారి కాల్చి, అది చల్లారేలోగా మొన తీసి తల కొట్టి పూర్తి చెయ్యాలండి. మా మరదులికీ అదే చెప్పాను. చేతకాక ఎల్లిపోయారు.”

“ఇంతియే కదా!” అని భగవానులుగారు బండిలోని సామగ్రి దింపించిరి. కమ్మరివీధిలో సూదులమ్మబోయినవాడు సైత మింత ధైర్యముతో బోయియుండడు.

మాణిక్యమ్మ పెరటిలో గుంట త్రవ్వి బొగ్గు పోసి నిప్పుంచిరి. భగవానులుగారు తిత్తి యొత్తిరి. విరహిణి నిట్టూర్చెను. ఆ నిట్టూర్పు కొలిమిలోనికి గాక చిల్లుదారిన వెడలి బూడిదనంతయు వారి మీసములకు బూసెను. చూడలేక మాణిక్యమ్మ తన యరచేతితో జిల్లు మూసి తానే యొత్తగా నెట్టకేల కినుము పండుమిరపకాయవలె నెర్రబారెను. భగవానులుగారు పట్టకారుతో బట్టిరి. నోరు కలవని పట్టకారు మేకును మూడుమారులు నేలపై విడిచెను. నాలుగవమారు దాగలిపైకి జేరినతోడనే యాయనలోని విద్వాంసుడు మేల్కొనెను. ఆదితాళమున విలంబమున నారంభించి యినుముపై నొక దెబ్బయు వట్టిదాగలిపై మూడు దెబ్బలును వేయుచు నడుమ నడుమ విరామములనిచ్చి తిశ్రమునకు దింపి మోహరా యను ముచ్చటైన జతి వాయించి ముక్తాయింపునకై సుత్తి నెత్తిరి. అదే యదనుగా గమకములు పోవు సుత్తితల పిడిని విడిచి గాలిలో నెగసి పొరుగువారి గుమ్మడిపాదులో బడెను.

భగవానులుగారి చేత బిడి మిగిలెను. దాగలిపై నల్లబడి చల్లారిన యినుపతునుక యెట్టిది యట్లే పడియుండెను.

“తాళం శానా బావుందండి బాబుగారూ” అనెను మాణిక్యమ్మ నవ్వాపుకొనుచు. “కానీ ఇనుముకి తాళం తెలీదండి. చల్లారిపోవడమే తెల్సు.”

భగవానులుగారు పిడిని నేలబెట్టి యక్కడనే కూలబడిరి. ఇన్నాళ్లును బిగబట్టిన దుఃఖము కట్టలు తెంచుకొనెను. “అమ్మా! ధనుర్మాసమునకు నాకు మోర్సింగు లేనిచో నా బ్రతుకు ముగిసినట్లే. మీ యప్పలాచారి యుండిన నా కీ యవస్థ యేల? ఎట్టి చెవి! ఎట్టి శ్రుతిజ్ఞానము! ఆయనతోనే నా పలుకు పోయినది.”

మాణిక్యమ్మ యాయనవంక వింతగా జూచెను.

“చెవా? మా ఆయనకి పాతికేళ్ల వయసుకే చెవులు పోయాయి కదండీ! సమ్మెటమోతకి. మీరు మాటాడితే తలూపేవోడు గానీ ఒక్కముక్క ఇనపడేది కాదు. కట్టు ఆయన కొట్టేవోడు. నాలిక సాగదీసి పదునెట్టి, మీటి చూసి ఆకురాయి పట్టింది నేనండి.”

భగవానులుగారు నోరు తెరచిరి. ఏండ్లతరబడి ఏటేట నా కొలిమికి వచ్చి యప్పలాచారికి శాలువ కప్పి యాయన చెవిని వేనోళ్ల బొగడి పోయిరి. వెనుక బొగలో దిత్తి యొత్తుచు నిలిచిన మనిషిని గన్నెత్తి చూడలేదు. ఆమె పేరు సైతము నేడు సాహెబు చెప్పగా వినిరి. సిగ్గుతో వారి తల వంగినది.

“తల్లీ! మరి నీవే యొకటి చేసి యీయరాదా?”

“ఇన్నాళ్లూ ఎవరడిగారండీ?” అనెనామె. “దాగలి అడిగినోళ్లే గానీ.”

“నే డడుగుచున్నాను తల్లీ!” అని భగవానులుగారు లేచి నిలిచిరి.

మరునాడు సాహెబు దుకాణమునకు మాణిక్యమ్మయే బయలుదేరెను. వెంట వచ్చిన భగవానులుగారిచేత నేదియు మీటనని ప్రమాణము చేయించెను. ఆమె సుత్తిని గోట మీటలేదు. పిడి పట్టుకొని మణికట్టున నాడించి చూచెను. పట్టకారును వెలుతురున కెత్తి దాని నోటినడుమ సందున్నదేమో పరికించెను. తిత్తిని చెంపకడ నుంచుకొని యొత్తి గాలి తగులకున్న దలయూపెను. నాలుకకై యొక పాతగడియారపు స్ప్రింగు నేరుకొనెను. సాహెబు షడ్జమపంచమములను విరహిణిని గూడ వెనుకకు దీసికొని “ఇదండీ బేరమంటే!” అని నిట్టూర్చెను.

కుమ్మరిమెట్టలో సావిడి కూలియున్నందున దాగలి భగవానులుగారి పిడకలసావిటికి దరలెను. దాగలి వెంట మాణిక్యమ్మయు వచ్చెను. చింతమొద్దును నేల బాతి దానిపై దాగలిని గదలకుండ బిగించినపిదప భగవానులుగారు తట్టి చూడగా నది థప్పుమనెను. వారి గుండెయు నట్లే యనెను.

“గొంతు పోయినది మాణిక్యమ్మా!”

“పాడే దాగలి పనికి రాదండి. మోత పైకి పోతే దెబ్బ లోపలికి దిగదు. మీరు తిత్తి కాడ కూచోండి.”

మహావిద్వాంసుడు తిత్తికడ గూర్చుండెను. మొదటినాడు ఖండచాపుతాళమున నొత్తి తిట్లు దినిరి. రెండవనాడు మెచ్చుకోలు లేకపోయినను దిట్లు తగ్గినవి. మాణిక్యమ్మ సమ్మెట నెత్తునపుడు మంచినీళ్లతో వచ్చిన శేషమాంబగారు గుమ్మమున నిలుచుండిపోయి కొంపయంటుకొను మాట మరచిరి. తొమ్మిదవనాడు నాలుక కట్టున గూర్చబడెను. మాణిక్యమ్మ దానిని చెవికడ మీటి యాకురాతితో రెండుమారులు రాచి మరల మీటి యాయన చేతిలో బెట్టెను. భగవానులుగారు నోట గరచుకొని మీటగా ముప్పదియేండ్ల తమ పలుకు తమ పంటిసందున మరల నిలిచెను. అప్పుడు వారేడ్చిరి. సిగ్గుపడలేదు.

ఉత్సవమున ఘటవిద్వాంసుడు శ్రోతయై కూర్చుండెను. తనియావర్తనము ముగిసి సభ చప్పట్లతో మారుమ్రోగుచుండగా భగవానులుగారు లేచి నిలిచి చేతులు జోడించి పలికిరి. “అయ్యలారా! ఈ మోర్సింగు చేసినది లక్కోజు మాణిక్యాంబ. ఇంతకుముందు నేను వాయించినవన్నియు నామె చేసినవే. సన్నని యపశ్రుతిని సైతము పట్టు చెవి నాదని గర్వించితిని. ఎదుటనున్న మనిషిని విననైతిని.”

సభయంతయు వెనుకవరుసలోని మాణిక్యమ్మవైపు దిరిగెను. ఆమె కొంగు సవరించుకొని గట్టిగా ననెను. “అదంతా సరేగానండి, మూడో ముక్తాయింపులో కుడిపక్క చిన్న జీర పట్టింది. రేపు కొలిమి రాజేసి ఉంచండి, సరిచేత్తాను.”

సభ్యులు గొల్లున నవ్విరి. భగవానులుగారు నవ్వలేదు. మెల్లగా మీటి చెవి యొగ్గిరి. జీర యున్నది!

నాటినుండి యా పిడకలసావిటికి దూరదేశముల వాదకులు మోర్సింగులు చేయించుకొనుటకై వచ్చుచుండిరి. వచ్చినవారు మాణిక్యమ్మకు మ్రొక్కుదురు. ఆమె చెవిని బొగడుదురు. పొగలో గూర్చున్న వృద్ధుని జూడరు. ఒకనాడొక యువవిద్వాంసుడు మాత్రము కుతూహలమున “అమ్మా, ఆ తిత్తి యొత్తువా రెవరు?” అని యడిగెను.

“పని నేర్చుకుంటన్నారండి” అనెను మాణిక్యమ్మ సమ్మెట దింపకయే. “చెవుంది. చెయ్యింకా రాలేదు.”

లోకమున నిప్పును జూచువారే కాని గాలి నడుగువారు లేరు. ఆ సంగతి యిరువైపుల నుండియు దెలిసిన భగవానులుగారు పేరు చెప్పుకొనక మీసములపైని బూడిద దులుపుకొని తిత్తి నొత్తుచునే యుండిరి.