నార్బ్ చూపించిన ఊరు

ట్రీనాకి తన తండ్రి ఎవరో నలభై దాటాక తెలిసింది. తల్లి ఆలెటా ఆస్పత్రి మంచం మీద, గొంతు సరిగా పెగలని స్థితిలో, ఆ పేరు చెప్పింది. నార్బర్ట్ జెలిన్‌స్కీ. అందరూ నార్బ్ అంటారు. మిల్వాకీలో ఉంటాడు, ఇళ్ళకి హీటర్లు బిగించే పని. ఆలెటా వయసులో ఉండగా నర్సు చదువుకని ఆ ఊరు వెళ్ళి, చదువు సగంలో వదిలేసి, కడుపుతో డులూత్ తిరిగొచ్చింది.

"నేనున్నానని ఆయనకి తెలుసా?" అని అడిగింది ట్రీనా.

"తెలుసు," అంది తల్లి. ఆ మాట అన్న తీరు చూశాక ట్రీనాకి మరింక అడగబుద్ధి కాలేదు. అడుగుదామనుకునేసరికి తల్లి లేదు.

ఆ చలికాలమంతా ఊరుకుని, మంచు కరిగాక ఒక సాయంత్రం నంబరు వెతికి ఆయనకి ఫోన్ చేసింది. తనెవరో, తల్లి ఎప్పుడు పోయిందో చెప్పింది.

"ఆలెటా పోయిందా? అయ్యో పాపం," అన్నాడు నార్బ్. "సరే, ఓ పని చెయ్యి. ఒక శని ఆదివారాలు చూసుకుని ఇటు రా. ముందు ఊరు చూద్దువుగాని. ఊరు కాస్త ఒంటబట్టిందంటే తక్కినవి నెమ్మదిగా అవే కుదురుకుంటాయి."

"తప్పకుండా వస్తాను."

"ఇంకోమాట. మా ఆవిడ బెర్నడీన్‌కి గుండె బాగాలేదు. ఇలాంటివి ఒక్కసారిగా చెబితే తట్టుకోలేదు. నేనే సమయం చూసి చెబుతాను. అందాకా ఇంటికి ఫోన్ చెయ్యకు, ఇంటివైపు రాకు. ఏమీ అనుకోకు."

ట్రీనా ఏమీ అనుకోలేదు. పైగా, భార్య కోసం ఇంత జాగ్రత్త పడే మనిషి మంచివాడే అయి ఉంటాడనుకుంది. శుక్రవారం సెలవు పెట్టి, తల్లి వయసులో ఉన్నప్పటి ఫోటో ఒకటి సంచిలో పెట్టుకుని, పొద్దున్నే కారెక్కింది.

నార్బ్ ఆమెకి విమానాశ్రయం పక్క హోటల్లో గది తీసిపెట్టాడు. సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. ట్రీనా పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళు శుభ్రం చేసే పనిలో ఉంది. ఎవర్ని చూసినా చూపు ముందు నోటి మీదికి పోతుంది. ఆయన కింది వరసలో ముందు పళ్ళు రెండూ ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉన్నాయి. తను రోజూ అద్దంలో చూసుకునే పళ్ళే. దగ్గరికి తీసుకుంటాడేమోనని చేతులు కాస్త పైకెత్తింది. ఆయన కుడిచెయ్యి చాచి కరచాలనం చేశాడు.

"దారిలో ఇబ్బందేం పడలేదుగా? పద, శుక్రవారం కదా, చేపలు తిందాం."

ఆయన్ని ఏమని పిలవాలో తెలియక ట్రీనా ఏమనీ పిలవలేదు.

ఊరికి ఈ కొసనున్న తన పేట వదిలేసి, ఆ కొసన పడమటి వైపున్న ఒక బారుకి తీసుకెళ్ళాడు. శుక్రవారం చేపల వేపుడు ఊళ్ళో ప్రతి సందులోనూ దొరుకుతుంది. అంతదూరం ఎందుకని ట్రీనా అడగలేదు, ఆయనే చెప్పాడు. "మా వైపు బాగా రద్దీ." తలుపుకి వీపు పెట్టి కూర్చున్నాడు. బంగాళాదుంప అట్లు వేసే చోటే చేప తినాలని, రై పిండి రొట్టెకి వెన్న రెండువైపులా రాయాలని, బ్రాందీలో చెర్రీ లేకపోతే అది ఈ ఊరి బ్రాందీ కాదని చెప్పుకుపోయాడు. ట్రీనా సంచిలోంచి ఫోటో తీసి బల్ల మీద పెట్టింది.

"అమ్మ. మీకు తెలిసినప్పటిది."

ఆయన ఫోటో వైపు చూసి, వేలితో మెల్లగా ఆమె వైపు జరిపాడు. "జుట్టు బాగుండేది తనకి. తిను, చల్లారితే చేప బాగుండదు."

శనివారమంతా తిప్పాడు. సరస్సు ఒడ్డున మ్యూజియం దగ్గర నిలబెట్టి, పైకప్పు మీద పక్షి రెక్కల్లా కట్టిన తెల్లటి నీడతెర విప్పుకునేదాకా చూపించాడు. పాత బీరు కార్ఖానాలు చూపించాడు. మిషిగన్ సరస్సు ఎదుట కారాపి, అదేదో తనే తవ్వించినట్టు చెయ్యి చాచాడు.

"మీ డులూత్‌లో సరస్సు ఇంతుంటుందా?"

"ఇంకాస్త పెద్దదేనండీ," అంది ట్రీనా. ఇద్దరూ నవ్వారు. రెండు రోజుల్లో వాళ్ళు కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

ఊరికి దక్షిణాన పెద్ద గుమ్మటం ఉన్న చర్చిలోకి వెళ్ళారు. పోలండు నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న చర్చి. బెంచీ మీద కూర్చుని ట్రీనా అడిగింది, "మీ అమ్మానాన్నల పెళ్ళి ఇక్కడేనా?"

"ఇక్కడే. చికాగోలో పాత పోస్టాఫీసు కూల్చేస్తే ఆ రాళ్ళు రైల్లో తెప్పించి కట్టారు దీన్ని, తెలుసా?"

"మీ అమ్మగారు ఎలా ఉండేవారు?"

"రైలు పెట్టెలు ఎన్ని పట్టాయో!" అన్నాడాయన, గుమ్మటం కేసి చూస్తూ.

ఏది అడిగినా అంతే. నాయనమ్మ గురించి అడిగితే రాళ్ళ గురించి, ఆయన చిన్నతనం గురించి అడిగితే మూతపడిన తోలు కార్ఖానాల గురించి. కారు ఒక మలుపు దగ్గర ఆగినప్పుడు ట్రీనా ఉండబట్టలేక అడిగింది, "మీ ఇల్లెటు?"

"అటు," అని గాల్లో చెయ్యి ఊపి, కారు ఇటు తిప్పాడు.

మధ్యాహ్నం కస్టర్డ్ ఐస్‌క్రీమ్ దుకాణం బయట నిలబడి తింటున్నారు. వెనకనుంచి ఎవరో ఆయన వీపు మీద ఒక్కటిచ్చారు.

"ఏం నార్బ్! పెళ్ళాన్ని ఇంట్లో వదిలేసి ఎవర్నో వెంటేసుకుని తిరుగుతున్నావే! ఉండు, బెర్నడీన్‌తో చెప్తా నీ పని!"

ఆవిడ పేరు డెల్ఫీన్ క్రౌజ్. నార్బ్ వాళ్ళ వీధిలో మనిషి. పెద్ద గొంతు, పెద్ద నవ్వు. నార్బ్ మొహం పాలిపోయింది.

"తెలిసినవాళ్ళ అమ్మాయి. డులూత్. ఇక్కడికి మారదామా అని చూసుకుంటోంది. ఊరు చూపించమంటే..."

డెల్ఫీన్ ట్రీనా వైపు తిరిగింది. ట్రీనా ఆయన మొహం చూసింది. అందులో ఉన్నది బతిమాలడం.

"అవునండీ," అంది. "ఇల్లు చూసుకుందామని."

"మరి ఇంకెక్కడికో ఎందుకమ్మా, మా వీధికే వచ్చెయ్! నార్బ్ ఎదురిల్లే అమ్మకానికి పెట్టారు. రేపు మధ్యాహ్నం తలుపులు తీసిపెడతారు, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. ఏం నార్బ్, చెప్పలేదేం? నీకు పొరుగు పడకపోతే ఎట్లా!" అంటూ వీధి పేరు, ఇంటి గుర్తులు అన్నీ చెప్పి మరీ వెళ్ళింది.

కార్లో కూర్చున్నాక నార్బ్ మొదటిసారి ఆమె చేతిమీద చెయ్యి వేశాడు. "బాగా సర్దావు. చాలా తెలివైనదానివి."

తండ్రి తనని మెచ్చుకున్నాడని ట్రీనాకి మనసు పొంగింది. మెచ్చుకున్నది దేనికో గుర్తొచ్చి వెంటనే మొహం కిటికీ వైపు తిప్పుకుంది.

హోటల్ దగ్గర దింపుతూ, జున్ను ముక్కలూ సాసేజీలూ ఉన్న సంచి చేతికిచ్చాడు. "రేపు ఆదివారం. చర్చి, పిల్లలందరూ భోజనానికి వస్తారు. నాకు కుదరదు. నువ్వు పొద్దున్నే బయల్దేరావంటే రోడ్డు ఖాళీగా ఉంటుంది."

"పొద్దున్నే వెళ్తాను."

నిజంగా వెళ్ళిపోదామనే అనుకుంది. పొద్దున్న సామాను కార్లో పెట్టుకుని పెద్ద రోడ్డెక్కింది కూడా. కొంతదూరం పోయాక, ఆ ఇల్లు బయటినుంచైనా చూడకుండా పోతే ఇంకెప్పుడు చూస్తాననిపించింది. దారిలో ఒక చోట ఆగి కాఫీ తాగుతూ పొద్దు గడిపింది. మధ్యాహ్నానికి వెనక్కి తిప్పింది.

అమ్మకానికి పెట్టిన ఇంట్లో ఎవరెవరో తిరుగుతున్నారు. ట్రీనా తిన్నగా మేడ మీది పడగ్గదిలోకి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. ఎదురుగా పాలిపోయిన పసుపు ఇటుకల ఇల్లు. ముంగిట్లో చిన్న మేరీమాత బొమ్మ. కారు దిగి ముప్ఫయ్యేళ్ళ అమ్మాయి చంకలో బిడ్డతో గేటు తీస్తోంది. నార్బ్ గబగబా మెట్లు దిగివచ్చి ఆ బిడ్డని అందుకుని గాల్లోకి ఎగరేశాడు. అమ్మాయి ఆయన టోపీ లాగి తన నెత్తిన పెట్టుకుంది. ఆయన నోరారా నవ్వుతున్నాడు. రెండు రోజులు పక్కనే కూర్చున్న మనిషి ఇలా నవ్వగలడని ట్రీనాకి తెలియదు. వాళ్ళు లోపలికి పోయినా చాలాసేపు అక్కడే నిలబడింది.

వెనక అడుగుల చప్పుడైంది. ఏప్రన్ విప్పకుండానే వచ్చిన ఒక పెద్దావిడ గది చుట్టూ చూస్తోంది. ఇరుగుపొరుగువాళ్ళు ఇలాంటప్పుడు కొనడానికి కాదు, వంటగది ఎలా మార్చారో చూడ్డానికి వస్తారు.

"వెనకటికి ఇది నీలం రంగుండేది," అందావిడ తనలో తను. ట్రీనా వైపు చూసి ఏదో అనబోయి ఆగిపోయింది. ఆ చూపు నోటి దగ్గర నిలిచిపోయింది.

"నువ్వు ట్రీనావి," అంది. "నేను బెర్నడీన్‌ని."

ట్రీనా హడలిపోయింది. ఒక్క అంగలో వెళ్ళి కుర్చీ లాగింది. "మీరు కూర్చోండి. ముందు కూర్చోండి. నేను వెళ్ళిపోతాను. మీ గుండె..."

"నా గుండెకేమైంది?"

"జబ్బని..."

"నాకా?" అని నవ్వబోయింది బెర్నడీన్. సగంలో ఆ నవ్వు ఆగింది. నిజంగానే కుర్చీలో కూర్చుంది.

"నువ్వు ఫోన్ చేసినప్పుడు నేను వంటింట్లోనే ఉన్నానమ్మా. ఆయన ఫోన్ పట్టుకుని బయటికెళ్ళి మాట్లాడి వచ్చాడు, మొహం చూసి ఏమిటని నిలదీశాను. చెప్పాడు. మా పెళ్ళికి ముందు సంగతి, దానికి నేనిప్పుడు ఏడవాలా? ఇంటికి తీసుకురా అన్నాను. మేడ మీద గది సర్దాను. కొత్త దుప్పట్లు వేశాను. నువ్వే రానన్నావని చెప్పాడు."

"నేనా?"

"ఇంటికి రాదుట, ఎవర్నీ చూడదుట, ఊరు చూసుకుని పోతుందిట అన్నాడు. ఎంత రాతిగుండె పిల్ల అనుకున్నాను. రెండు రోజుల్నుంచీ తిట్టుకుంటూనే ఉన్నాను నిన్ను."

బెర్నడీన్ లేచి ట్రీనా మోచెయ్యి పట్టుకుంది. "పద తల్లీ. పొయ్యి మీద కూర ఉంది. అందరం కలిసి తిందాం. ఆయన సంగతి నేను చూస్తా."

వీధి దాటేసరికి నార్బ్ భార్యని వెతుక్కుంటూ గేటు దగ్గరికి వచ్చాడు. ఇద్దర్నీ చూసి ఆగాడు.

"పొద్దున్నే వెళ్తానన్నావుగా," అన్నాడు ట్రీనాతో.

"ఈ పిల్లతో నాకు గుండెజబ్బని చెప్పావా?" అంది బెర్నడీన్.

ఆయన భార్య వైపు కాక ట్రీనా వైపు తిరిగాడు. "నీకేం తక్కువ చేశానమ్మా? మంచి హోటల్లో పెట్టాను. అన్నీ చూపించాను."

"ఎందుకు?" అంది ట్రీనా. "అది చెప్పండి చాలు."

నార్బ్ గేటు ఊచ పట్టుకున్నాడు. జవాబు చెప్పేటప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని ట్రీనాకి తర్వాత అనిపించింది.

"నీ మీద నాకేం కోపం లేదు. నువ్వు మంచి పిల్లవే. మొన్న సాయంత్రం నుంచీ చూస్తున్నాను, నాలో ఏమైనా కదుల్తుందేమోనని. ఏమీ లేదు. లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చిపెట్టను? ఇంట్లో పిల్లలు నన్నొకలా అనుకుంటారు. అలాగే అనుకోనీ."

"సిగ్గులేదూ నీకు!" అంది బెర్నడీన్. ఆవిడ వేళ్ళు ట్రీనా మోచేతిని ఇంకా గట్టిగా పట్టుకున్నాయి.

అప్పుడే వీధి తలుపు తెరుచుకుంది. బిడ్డని చంకనేసుకుని కూతురు బయటికొచ్చింది, తండ్రి టోపీ ఇంకా నెత్తినే ఉంది. "అమ్మా, ఎవరే ఆవిడ?"

"ఎదురిల్లు చూడ్డానికి వచ్చారు," అన్నాడు నార్బ్, ఇంకెవరూ నోరు తెరవకముందే.

ట్రీనా బెర్నడీన్ వైపు చూసింది. ఒక్క మాట చాలు, ఆవిడ అంటే చాలు. బెర్నడీన్ నోరు తెరిచింది. గుమ్మంలో నవ్వుతున్న కూతుర్ని చూసింది, ఆ పిల్ల చంకలో కాళ్ళాడిస్తున్న మనవరాల్ని చూసింది.

"నువ్వు లోపలికెళ్ళవే, కూర మాడుతోందేమో చూడు," అంది.

ట్రీనా మోచేతి మీది పట్టు సడలింది. ఆ చెయ్యి కాసేపు ఏం చెయ్యాలో తెలియనట్టు గాల్లో ఉంది, బెర్నడీన్ దాన్ని ఏప్రన్‌కి తుడుచుకుంది.

"ఇల్లు నచ్చిందా అండీ?" అని కూతురు గుమ్మంలోంచే మర్యాదగా అడిగింది.

"లేదండీ," అంది ట్రీనా. "గదులు చిన్నవి."

కారెక్కి వెళ్ళిపోయింది. ఊరు దాటేదాకా కళ్ళు పొడిగానే ఉన్నాయి. ఒక పెట్రోలు బంకు దగ్గర ఆగి, జున్నూ సాసేజీల సంచి తీసి చెత్తకుండీలో పడేసింది. కాసేపు దాని పక్కనే నిలబడి, అప్పుడు ఏడ్చింది.

వారం తిరక్కుండా, నార్బ్ ఫోన్లో నంబరు చూసుకుని బెర్నడీన్ ఫోన్ చేసింది, సరుకుల దుకాణం బయట కార్లో కూర్చుని. ఏడ్చింది. సమయం చూసి పిల్లలకి తనే చెబుతానంది. ఎండాకాలం గడవనీ అంది. మళ్ళీ చేసి, చిన్నకొడుకు పెళ్ళి అయిపోనీ అంది. క్రిస్మస్‌కి అందరూ ఒకచోట ఉంటారు అప్పుడు చెబుతానంది. క్రిస్మస్ వెళ్ళాక, పండగపూట ఎందుకులే అనిపించిందమ్మా అంది. ఫోన్ చేసిన ప్రతిసారీ మేడ మీద గది అలాగే ఉంచానని చెప్పేది. నార్బ్ కనీసం ఒక్కసారి చెప్పి ఊరుకున్నాడు. ఈవిడ నెలనెలా తలుపు తీసి, నెలనెలా మూస్తోంది. ఆ గొంతు వినిపిస్తే చాలు, ట్రీనాకి పళ్ళు బిగుసుకుపోయేవి.

మళ్ళీ మంచు కరిగే రోజుల్లో ఒకసారి, ఈస్టరుకి తప్పకుండా చెబుతానని బెర్నడీన్ అంటుంటే ట్రీనా మధ్యలోనే అడ్డుకుంది.

"ఇంక ఫోన్ చెయ్యకండి."

"అదేమిటమ్మా! ఆయన చేసినదానికి నన్నంటే ఎట్లా? నేనేం చేశాను తల్లీ?"

"మీరేం చెయ్యలేదు," అంది ట్రీనా.

బెర్నడీన్‌కి ఆ మాట ఎలా వినిపించిందో గాని, "అదే కదమ్మా," అని ఊరట పడినట్టు నిట్టూర్చింది. ట్రీనా ఫోన్ పెట్టేసి, చేతులు కడుక్కుని, పళ్ళు శుభ్రం చేయించుకోడానికి కుర్చీలో నోరు తెరుచుకుని కాచుకునున్న మనిషి దగ్గరికి వెళ్ళింది.