కరిగాడి మెడపట్టీ

మంద నడుమ మా బావ తిప్పేసామి నిలబడి ఉన్నాడు. చనిపోయి పదకొండు నెలలైన మనిషి, భుజం మీద అదే నల్ల గొంగడి, కాళ్లకు చెప్పులు లేవు. వెలుతురు పొద్దుటిదో సాయంత్రానిదో తెలియదు గానీ ఆయన నీడ మాత్రం ఏ పక్కకూ పడడం లేదు. బతికున్నప్పుడు ఆయన దగ్గితే చాలు మంద మొత్తం తిరిగి చూసేది, ఇప్పుడు ఒక్క గొర్రె కూడా తలెత్తదు. నేను చేతికర్ర గట్టిగా పట్టుకుంటాను.

"ఏం బీరా, బావను గూడా దొంగను చూసినట్ల చూస్తాండావే?"

"ఎందుకొచ్చినావు బావా?"

"నా కుక్క యాడ?"

అనుకున్నాను, దానికోసమే వచ్చాడని. కరిగాడు ఇందాక లేదు, ఇప్పుడు ఆయన కాళ్ల దగ్గరే పడుకొని ఉంది, మా గొర్రెల మాదిరే నల్లగా, వాటిలో ఒకటైనట్టు.

"నెల తిరక్కముందే మూడు గొర్రెపిల్లలు పోయినాయి. మొన్న పొద్దున వీని మూతంతా నెత్తురు. చచ్చిన పిల్ల వీని కాళ్ల కాడే ఉండె."

"కన్ను తెరవకముందే గొర్రె పొదుగు కింద పెట్టి పెంచినా వాణ్ని. వాడు కుక్కననుకోడు రా, గొర్రెననే అనుకుంటాడు."

"గొర్రెననుకునేవానికి అన్ని కోరలెందుకు?"

బావ నవ్వుతాడు, నవ్వు వినపడదు. మేము నిలబడింది మంద కాదిప్పుడు, నేను అయిదు దాకా చదివిన బడి. మంద చుట్టూ ముళ్లకంప ఉన్నచోట సున్నం గోడలు, గొర్రెలు బారులు తీరి కూర్చున్నాయి, కిటికీల బయట ఎర్ర ఊరకుక్కలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి, ఊరవతల కోళ్ల పేగులు పారబోసే గుంత దగ్గర తిరిగేవి. అవి లోపలికి చూస్తున్నాయి. నేను మాత్రం కరిగాడినే చూస్తుంటాను, ఎక్కడ లేస్తుందో అని.

"పొట్టేలు సంగతి అడగవా?" అంటాడు బావ.

ఆయన మేపుకు తీసుకుపోయిన రోజు పెద్ద పొట్టేలు తిరిగి రాలేదు. ఎవరికో అమ్ముకున్నాడనుకున్నాను. నోటితో అనలేదు, మాట మానేశాను. రెండు నెలలకు ఆయన జ్వరంతో పోయాడు.

"తోడేలు ఎత్తుకపాయనంటే నమ్ముతావా?"

ఆలోచిస్తాను. చచ్చినవాడు కూడా అబద్ధం చెప్పగలడు గదా.

"ఇప్పటికీ నమ్మవు," అంటాడు ఆయనే. "అందుకే చెప్పలేదు. సరే, ఆకలైతాంది. ఆ మూటలో సంకటి ఉంది గదా, పెట్టు."

మూట నా చంకలో ఉంది. అందులో ఉన్నది ఎలుకల మందు కలిపిన ముద్ద, ఈ సాయంత్రం కరిగాడికి పెట్టాలని కలిపింది. చచ్చిన మనిషి మళ్లీ చస్తాడా, ఇస్తే పోలా అనుకుంటాను, కానీ చెయ్యి కదలదు.

"నాకు పెట్టలేకపోతివి. వానికెట్ల పెడతావు రా?"

"నువ్వు వాని పక్షమే. వాని కోసరమే వచ్చినావు."

"ఔను," అంటాడు బావ, గొంగడి సర్దుకుంటూ. "దొంగను పట్టాలని నువ్వు మూతి చూసినావు. నేనైతే మెడ చూస్తా. కుక్కను పెట్టుకున్నోడు పొద్దున లేస్తానే దాని మెడపట్టీ చూడాల, పట్టీకున్న మేకులకు ఏమంటిందో చూస్తే ఎవురొచ్చిపోయిందీ తెలుస్తది. నీకు నేర్పిద్దామనుకుంటి. నువ్వు మాట్లాడితివా?"

ఏదో అనబోతాను, గోడలు మళ్లీ ముళ్లకంపవుతాయి, గొర్రెలన్నీ ఒక్కసారి ఆయన వైపు తలెత్తి చూస్తాయి, ఆయన అక్కడ ఉండడు.

మెలకువ వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. తుమ్మచెట్టు నీడ నా మీదనుంచి జరిగిపోయి మొహానికి ఎండ కొడుతోంది. కరిగాడు మొదలుకు కట్టేసినచోటే ఉంది, నా వైపు కాదు, మంద వైపు చూస్తోంది. మందు ముద్ద ఉన్న మూట తలకింద అట్లాగే ఉంది.

నిన్ననే దాని మెడనుంచి మేకుల పట్టీ విప్పి సంచిలో వేశాను, చచ్చేదానికి ఎందుకని. విప్పినప్పుడు చూడలేదు. ఇప్పుడు తీసి ఎండలో తిప్పి చూశాను. మూడో మేకుకూ నాలుగో మేకుకూ నడుమ ఎండిన నెత్తురు, అందులో అతుక్కున్న ఒక పిడచ వెంట్రుకలు.

ఎర్రవి. మందంతా మరొకసారి కలయజూశాను. ఒక్క ఎర్ర గొర్రె లేదు.