అట్టి పేట ఇచ్చట లేదు

నా చేతిరాత బాగుంటుందని మా వీధిలో అందరూ అనేవాళ్లు. అది నా తలకెక్కింది. ఆ తర్వాత జరిగిందానికి ఇంకెవర్నీ తిట్టడానికి నాకు హక్కు లేదు.

గుంటూరులో మూతపడిన ఒక పత్తి మిల్లు వెనక ఉండేది మా వీధి. మొత్తం యాభైనాలుగు గడపలు. అందులో ఇరవైతొమ్మిది మావి, చర్చికి వెళ్లేవాళ్లవి. ఇరవైఐదు దూదేకుల సాయిబులవి. మేం ఆ చోటుని దొరసానమ్మ తోట అనేవాళ్లం. కరువు రోజుల్లో ఒక మిషన్ దొరసాని తన తోటలో మా ముత్తాతలకు గుడిసెలు వేయించిందని మా పెద్దలు చెప్పేవాళ్లు. సాయిబులు దాన్నే దూదేకులపేట అనేవాళ్లు. ఆ దొరసాని ఓడ దిగకముందే తమ తాతలు అక్కడ దూది ఏకుతున్నారని వాళ్ల వాదన. శుభలేఖల మీద మాది మేం, వాళ్లది వాళ్లు అచ్చు వేయించుకునేవాళ్లం. పోస్టుమాన్‌కి రెండూ తెలుసు. వందేళ్లపాటు ఎవరికీ ఏ నష్టమూ రాలేదు.

నేను రెబ్కాని, మిషన్ బడిలో టీచర్ని. మా పక్కిల్లు ఖుర్షిదాది. రెండిళ్లకీ నడిమి గోడ ఒక్కటే, అరుగు కూడా ఒక్కటే. ఆమె భర్త రంజాన్ పరుపులు కుట్టేవాడు. ఖుర్షిదా మిర్చి యార్డు నుంచి కాయలు తెచ్చుకుని అరుగు మీద ముచ్చికలు తీసేది. సాయంత్రం బడి నుంచి వచ్చి నేనూ పక్కన కూలబడేదాన్ని. ఆ ఘాటుకి ఇద్దరం తుమ్ముకుంటూ లోకాన్నంతా తిట్టుకునేవాళ్లం. ఇరవై ఏళ్లు అలాగే గడిచాయి.

ఎనభై ఆరు జనవరిలో మున్సిపల్ ఆఫీసు నుంచి మనిషి వచ్చి నోటీసు అంటించి వెళ్లాడు. మిల్లునీ మా వీధినీ కలిపి పడగొట్టి షాపుల కాంప్లెక్సు కడతారట. ఒకే పేరుతో యాభై గడపలకు తగ్గని పేట అయితే, కాంప్లెక్సు వెనకే పక్కా ఇళ్లు కట్టించి ఇస్తారట. తగ్గితే ఊరవతల స్థలం. పేట పేరు రాసి, గడపకొక సంతకంతో నెలాఖరులోగా అర్జీ ఇమ్మన్నారు.

మేం యాభైనాలుగు ఉన్నాం. ఒకటో తరగతి పిల్లలు చేసే లెక్క అది. కానీ మా సంఘంలో ఏదైనా తీర్మానం ప్రకారం జరగాలి. ఆదివారం ఆరాధన అయ్యాక పుస్తకంలో రాసి, పైకి చదివి, అందరూ చేతులెత్తి ఆమెన్ అన్నారంటే ఇక దాన్ని దేవుడు కూడా మార్చలేడు. సంఘపెద్ద జక్రయ్యగారు లేచి నిలబడ్డారు.

"ఇప్పుడు గమ్మునుంటే కొత్త ఇళ్లకి సాయిబుల పేరే పడిపోద్ది. దొరసానమ్మ పేరు మట్టిలో కలిసిపోద్ది. మనమే ముందు అర్జీ పెట్టాల. రాయమ్మాయ్," అన్నారు నాతో.

రాశాను. ఆయన చెప్పనిది కూడా రాశాను. చివర్లో నా సొంతంగా ఒక వాక్యం చేర్చాను. "ఇచ్చట దూదేకులపేట కలదని కొందరు చెప్పుదురు గాని, అట్టి పేట ఇచ్చట లేదు, ఎన్నడును లేదు." పైకి చదివితే జక్రయ్యగారు "ఆహా" అన్నారు. ఆ ఆహా కోసమే రాసి ఉంటాను.

మర్నాడు ఖుర్షిదా తెల్లకాగితం పట్టుకుని వచ్చింది. "అక్కా, మాకూ ఒకటి రాసిపెట్టు," అంది. తీర్మానం అయిపోయిందమ్మా, ఇప్పుడు మీకు రాస్తే బాగుండదు అన్నాను. ఆమె కాగితం మడుచుకుని వెళ్లిపోయింది. వాళ్లు కోర్టు దగ్గర అర్జీలు రాసే ఆయనకి డబ్బులిచ్చి రాయించుకున్నారు.

ఫిబ్రవరి ఇరవై ఒకటిన ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. ఇరవైతొమ్మిదితో ఒకటి, ఇరవైఐదుతో ఒకటి, రెండర్జీలూ చెల్లవన్నారు. ఇరవై ఐదో తారీకు సాయంత్రం ఐదులోగా అందరూ కలిసి ఒకే పేరుతో ఇస్తే చూస్తామన్నారు.

ఆ సాయంత్రం రంజాన్ అరుగు దగ్గరికొచ్చి నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటారు చూడండి టీచరమ్మగారూ, మన ఊరు దిబ్బ కావడానికి ఇంక నాలుగు రోజులే ఉంది," అన్నాడు.

"పేరుదేముందక్కా, మీ తోటే రాసెయ్," అంది ఖుర్షిదా. "నాకీ అరుగుంటే చాలు. ఊరవతల పడేస్తే నాకు కాయలెవడిస్తాడు? ఈయన చేత పరుపులెవడు కుట్టించుకుంటాడు? పస్తులుండాల్సిందే."

నా వాక్యం సంగతి అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది. కానీ పక్కన కూర్చున్న మనిషితో, మీరు ఇక్కడ లేరని రాశానమ్మా అని ఎలా చెప్పను? సిగ్గుతో చచ్చిపోయాను. చేసిన తప్పు చెప్పకుండానే దిద్దేసుకుందామనే బుద్ధి పుట్టింది.

"వద్దు ఖుర్షిదా. ఈసారి మీ పేరే పెడదాం. ముందొచ్చింది మీరేగా," అన్నాను.

"మీవాళ్లు ఒప్పుకోరక్కా. ఎందుకొచ్చిన తంటా? మీదే రాయి."

"వాళ్లని నేను ఒప్పిస్తాగా."

ఎంత మంచిదానివక్కా అన్నట్టు చూసింది. ఆ చూపు కూడా నాకు నచ్చింది. ఆఫీసులో పాత కాగితాలు తిరగేసి చదివేదెవడులే అనుకున్నాను.

మూడు రోజులు మా గడపలన్నీ తిరిగాను. జక్రయ్యగారు తీర్మానం మార్చడానికి నువ్వెవరివని కేకలేశారు. ఇల్లే పోయాక తీర్మానం ఏ గోడకి అంటించుకుంటారండీ అని నేనూ అరిచాను. ఇరవై ఐదో తారీకు మధ్యాహ్నం ఆయన అందరికంటే చివర సంతకం పెట్టారు. కళ్లు తుడుచుకుంటూ పెట్టారు. దూదేకులపేట, యాభైనాలుగు గడపలు, సగం సంతకాలు, సగం వేలిముద్రలు. కాగితం గుండెలకి హత్తుకుని రిక్షా ఎక్కాను.

మూడున్నరకి ఆఫీసులో సంజీవరావుగారనే ఆఫీసరు దాన్ని తీసుకున్నారు. నెమ్మదైన మనిషి. పాత అర్జీలు రెండూ తెప్పించి పక్కపక్కన పెట్టుకుని, ఒక్కో అక్షరం చదివారు.

"ఇది మీ రాతేనా అమ్మా?" అన్నారు మా మొదటి అర్జీ చూపించి.

"నాదేనండి."

"ఇందులో ఇరవైతొమ్మిది మంది, దూదేకులపేట అనేది ఇక్కడ లేదు, ఎన్నడూ లేదు అని సంతకాలు చేశారు. ఇవాళ అదే ఇరవైతొమ్మిది మంది మేమంతా దూదేకులపేటలోనే ఉంటున్నాం అంటున్నారు. దీన్ని నేనెలా పైకి పంపనమ్మా?"

"పొరపాటండి. అది నేనొక్కదాన్నే రాశానండి. వాళ్లకేం తెలియదండి," అన్నాను.

"తోట పేరుతో తెచ్చినా సరిపోయేది. సాయిబులు మీ తోట లేదని ఎక్కడా రాయలేదు," అన్నారాయన. "ఐదింటిదాకా ఉంటాను. లేకపోతే రేపు ఆర్డర్లు వెళ్తాయి. రెండు పేర్లు గనక రెండు చోట్ల స్థలం. తోటవాళ్లకి పెదకాకాని వైపు, పేటవాళ్లకి సత్తెనపల్లి రోడ్డులో."

బయటికొచ్చి గడియారం చూశాను. నాలుగైంది. వెళ్లి రావడానికే గంట పడుతుంది. ఇది మిరపకాయల సీజను, ఆడవాళ్లంతా యార్డులో ఉంటారు, ఆరు దాకా రారు. మగవాళ్లు ఎక్కడెక్కడున్నారో దేవుడికే తెలియాలి. ఎదురు కొట్లో తెల్లకాగితాలూ ఇంకు ప్యాడూ కొన్నాను. వరండాలో నేలమీద కూర్చుని కొత్త అర్జీ రాశాను, దొరసానమ్మ తోట అని. యాభైనాలుగు పేర్లూ నాకు కంఠతా వచ్చు. సంతకాలు నేనే పెట్టాను, కుడివైపు వాల్చి కొన్ని, ఎడమవైపు వాల్చి కొన్ని. ఎంత వంకర్లు తిప్పినా అన్నీ నా రాతలాగే ఉన్నాయి. వేలిముద్రలకి నా పది వేళ్లూ వాడాను. అవి చాలక చెప్పులు విడిచి కాలివేళ్లు కూడా ప్యాడుకి అద్దాను. వచ్చేపోయేవాళ్లు ఆగి చూశారు. నాకేం సిగ్గనిపించలేదు. సిగ్గుపడాల్సిన రోజున పడి, చెప్పాల్సింది చెప్పకుండా ఉన్నదాన్ని.

ఐదుకి పది నిమిషాలుండగా లోపలికెళ్లి టేబుల్ మీద పెట్టాను. ఆయన కాగితం చూశారు. తర్వాత నా చేతులు చూశారు. తర్వాత కాళ్లు చూశారు. అద్దాలు తీసి పక్కన పెట్టుకున్నారు.

"ఇంటికెళ్లండమ్మా. ఇది నేను చూడలేదనుకుంటాను," అని కాగితం తిరిగిచ్చేశారు.

ఆయన కాళ్లు పట్టుకోబోయాను. ఆయన గబుక్కున లేచి గోడవైపుకి వెళ్లి నిలబడ్డారు.

నడుచుకుంటూ చీకటిపడ్డాక ఇంటికొచ్చేసరికి అరుగు మీద అందరూ ఉన్నారు. ఖుర్షిదా టీ కాచి ఉంచింది. నా వేళ్లు చూసి "అదేంటక్కా ఆ ఇంకు?" అంది. నేను నిలబడే అంతా చెప్పాను. ఆ వాక్యం కూడా ఉన్నదున్నట్టు చెప్పాను. జక్రయ్యగారు తలదించుకున్నారు. రంజాన్ లేచి లోపలికెళ్లిపోయాడు. ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కాయల బస్తా ముందు ఖుర్షిదా ఒక్కతే మిగిలింది.

"మీకెటు ఇస్తారంట?" అంది.

"పెదకాకాని వైపు."

"మాకో?"

"సత్తెనపల్లి రోడ్డులో."

ముచ్చికలు తీస్తూనే ఉంది.

"ఆ రోజు మీ తోటే రాయమన్నాను కదక్కా. ఎందుకు రాయలేదు?"

"మిమ్మల్ని లేరని రాసిన సంగతి నీకు చెప్పకుండానే, మీ పేరు పెట్టి దిద్దేసుకుందామనుకున్నాను. చెప్పలేకపోయాను."

ఖుర్షిదా చేతిలో కాయ బస్తాలో పడేసి నావైపు తిరిగింది. కళ్లనిండా నీళ్లు.

"చెప్తే ఏమయ్యేదక్కా? ఓ పూట నీతో మాట్లాడకుండా ఉండేదాన్ని. అంతేగా."