పిండి డబ్బాలో పుస్తకం

మంగళవారం పొద్దున్నే తియాంజనే వంటింట్లో పిండి డబ్బా మూత తీసి చూసింది. మొక్కజొన్న పిండిలో, ప్లాస్టిక్ కవరులో చుట్టి కూరిన పుస్తకం అక్కడే ఉంది. మూత గట్టిగా బిగించి, గోడ మేకుకు వేలాడుతున్న సంచీలోంచి ఇంకో పుస్తకం తీసుకుని, తల్లి ఎనెలేసిని చెయ్యి పట్టి నడిపించుకుంటూ ఆరోగ్య కేంద్రానికి బయలుదేరింది.

మా బలాకా ఊళ్లో ప్రతి మనిషికీ ఒక ఆరోగ్య పుస్తకం ఉంటుంది. ఏ ఆస్పత్రికి వెళ్లినా దాన్నే చేతికివ్వాలి, డాక్టరు అందులోనే రాయాలి. ముందు ఎవరు ఏం రాశారో తర్వాతి డాక్టరు చూసుకుంటాడు. మనిషికి ఒక్కటే పుస్తకం ఉంటేనే దానికి అర్థం. ఎనెలేసికి మాత్రం రెండున్నాయి. ఎందుకున్నాయో చెబితే మీకు ఒళ్లు మండుతుంది. నాకైతే ఇప్పటికీ మండుతోంది.

మేకుకు వేలాడేది చక్కెర జబ్బు పుస్తకం. అది నలుగురి కంటా పడినా ఇబ్బంది లేదు, మా పేటలో ఆ జబ్బు లేని ఇల్లు వెతకాలి. పిండి డబ్బాలోది రెండేళ్ల కిందట కొన్నది. అప్పట్లో ఎనెలేసి సంతకు వెళ్లి, తిరిగొచ్చే దారి తెలియక రైలు పట్టాల పక్కన కూర్చుండిపోయేది. చర్చి మహిళా సంఘాన్ని పద్దెనిమిదేళ్లు నడిపిన మనిషి, ప్రార్థన మధ్యలో ఆగి తర్వాతి మాటేమిటని పక్కవాళ్లను అడిగేది. తియాంజనే మేనమామకు తప్ప ఎవరికీ చెప్పకుండా తల్లిని బ్లాంటైర్ పట్నానికి తీసుకెళ్లింది. అక్కడి పెద్ద డాక్టరు మతిమరుపు జబ్బని తేల్చి డొనెపెజిల్ అనే మాత్ర రాయబోయాడు. తియాంజనే పాత పుస్తకం సంచీలోనే ఉంచి, ఆస్పత్రి గేటు దగ్గర కొత్తది కొనుక్కొచ్చి ఇచ్చింది.

ఆమె భయం ఉత్త భయం కాదు. మా ఆరోగ్య కేంద్రంలో గుమాస్తా పుస్తకాలు తిరగేసి, ఎవరికి ఏ జబ్బో వీధి చివరికి వినబడేలా పిలుస్తాడు. బెంచీ మీద మహిళా సంఘం సగం కూర్చుని ఉంటుంది. అందులో మా పేట ఫైనెస్ వాళ్లమ్మ ఉంటుంది. ఆవిడ చెవిన పడ్డ మాట మధ్యాహ్నానికల్లా సంతలో ఎండుచేపల పక్కనే ఉంటుంది. పైగా మతి చెదిరిన ముసలమ్మ గురించి మా వైపు జనం ఏమేం అంటారో నేనిక్కడ రాయను. ఆ చేతబడి మాటలకు ఇళ్లు కాలిన రోజులున్నాయి.

మాత్ర పనిచేసింది. ఆర్నెల్లలో ఎనెలేసి అరుగు మీద కూర్చుని వేరుశనగ కాయలు ఒలుస్తూ పాటలు పాడే స్థితికి వచ్చింది. కూతుర్ని పేరు పెట్టి పిలిచేది. ఇల్లు కుదుటపడింది అనుకునేలోగా అరికాళ్లలో మంట మొదలైంది. నిప్పుల మీద నిలబెట్టినట్టుందని ఏడ్చేది. చక్కెర జబ్బు నరాలను తింటే అలాగే ఉంటుంది. ఆరోగ్య కేంద్రంలో డాక్టరు కచింగ్వే మేకు మీది పుస్తకం చూసి, అందులోనే నరాల నొప్పికి ఎమిట్రిప్టిలిన్ రాశాడు. వారంలో మంట తగ్గింది. ఆ తర్వాత రెండు వారాలకు మళ్లీ మతి పోవడం మొదలైంది.

నోరు ఎండిపోతోందనేది. తలుపు వెనక ఎవరో మగమనిషి నిలబడ్డాడనేది. ఒకనాడు కన్నకూతుర్నే చూసి, "ఎవరే నువ్వు? నా బట్టలు కట్టుకున్నావేం?" అని కర్ర ఎత్తింది. తియాంజనే పరుగున బ్లాంటైర్ తీసుకెళ్లింది. వేరే మందులేమైనా వాడుతున్నారా అని అక్కడి డాక్టరు రాస్తూనే అడిగాడు. "చక్కెర మాత్రలేనండీ" అంది తియాంజనే. కాళ్ల మాత్ర కూడా ఆరోగ్య కేంద్రం ఇచ్చిన మందుల కవరులోదే, మేకు మీది పుస్తకంలోదే, కాబట్టి అదీ చక్కెర మాత్రే అని ఆమె లెక్క. ఆయన తల ఎత్తలేదు, మాత్రలు చూపించమనలేదు. జబ్బు ముదిరిందని మందు రెట్టింపు చేశాడు. ఎనెలేసి కళ్లు తిరిగి పడిపోవడం అప్పుడు మొదలైంది. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే.

ఇలా నాలుగు నెలలు గడిచాక, ఆ మంగళవారానికి ముందు ఆదివారం ఎనెలేసి తమ్ముడు లేమెక్ వచ్చాడు. మా వాళ్లలో మేనమామ మాటకు తిరుగులేదు.

"రెండేళ్లు నీ మాట విన్నానే. మాత్రలు మింగించి మింగించి మా అక్కను ఇలా చేశావు. శనివారం వస్తాను. కొండ కింద ప్రార్థన ఇంటికి తీసుకుపోతా. ఏడు రోజులు ఉపవాసం ఉంటే పట్టిందేదో అదే పోతుంది."

"చక్కెర మనిషి ఏడు రోజులు పస్తుంటే పోయేది జబ్బు కాదు మావయ్యా, అమ్మ."

"మాటకు మాట అప్పజెప్పకు. నీ దగ్గర ఇంతకంటే మంచి దారుంటే శనివారంలోగా చూపించు" అని లేమెక్ లేచి వెళ్లిపోయాడు.

తియాంజనే దగ్గర ఏ దారీ లేదు. అందుకే ఆ మంగళవారం ఆమె కాళ్లీడ్చుకుంటూ నడిచింది.

ఆరోగ్య కేంద్రంలో బెంచీ దాకా వచ్చాక ఎనెలేసి ఒక్కసారిగా ఒరిగిపోయింది. జనం గుమిగూడారు. లోపలి నుంచి కచింగ్వే వచ్చి అక్కడే నేల మీద కూర్చుని నాడి పట్టుకున్నాడు.

"నాడి నలభై కొడుతోంది. ఈ పుస్తకంలో మందులకు ఇంత తగ్గకూడదు. ఇంకేం వాడుతున్నారమ్మా?"

"ఏం లేదండీ."

"నా మొహం చూసి చెప్పు. ఏదో వాడుతున్నారు."

తియాంజనే తలెత్తింది. ఎదురుగా ఫైనెస్ వాళ్లమ్మ మెడ సాచి నిలబడి ఉంది. వెనక సంఘం ఆడవాళ్లు. గుమాస్తా కూడా కలం ఆపి చూస్తున్నాడు. రెండేళ్లు దాచిన పరువు ఒకవైపు, శనివారం సైకిలు మీద రాబోయే మేనమామ ఒకవైపు, మధ్యలో నేల మీద తల్లి. ఆమెకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఆమెకే తెలియలేదు.

"మతిమరుపుకి వాడుతున్నాం" అంది గట్టిగానే. "బ్లాంటైర్‌లో రాశారు. ఆ పుస్తకం ఇంట్లో పిండి డబ్బాలో ఉంది."

"తీసుకురా. మాత్రలు కూడా."

పిండి అంటిన పుస్తకాన్ని కచింగ్వే తన పుస్తకం పక్కన పెట్టి చాలాసేపు చదివాడు. చదివిన కొద్దీ ఆయన మొహం ఎర్రబడింది.

"బ్లాంటైర్ మాత్ర మెదడులో ఆరిపోతున్న పొయ్యిని ఊదుతోంది. నేను రాసిన కాళ్ల మాత్ర అదే పొయ్యి మీద నీళ్లు చల్లుతోంది. పొయ్యి ఆరిపోతోందని అక్కడి డాక్టరు ఇంకా గట్టిగా ఊదమన్నాడు. ఆ ఊదుడుకి గుండె నెమ్మదించింది" అన్నాడు. "ఈ పుస్తకం నా కంటపడి ఉంటే ఆ కాళ్ల మాత్ర రాసేవాణ్నా? నువ్వు దాచావు సరే. మాత్రలన్నీ బల్ల మీద పొయ్యమని నాలుగు నెలల్లో నేనొక్కసారి అడిగానా?"

"అయితే కాళ్ల మాత్ర ఇవాళే ఆపేస్తానండీ."

"నీ అంతట నువ్వు ఏదీ ఆపకు, ఏదీ కలపకు. ముందు అమ్మను ఇక్కడ మంచం మీద ఉంచుదాం. నేను బ్లాంటైర్ డాక్టరుతో మాట్లాడతాను."

ఇద్దరు డాక్టర్లూ ఫోనులో మాట్లాడుకోవడానికి పావుగంట కూడా పట్టలేదు. నాలుగు నెలల నరకం పావుగంట మాటతో తప్పేది. ఏ మాత్ర ఎంత తగ్గించాలో, కాళ్ల మంటకు ఆ మాత్ర బదులు ఏం వాడాలో తేల్చి, అంతా ఒకే పుస్తకంలో రాశారు.

ఆస్పత్రి మంచం మీది మనిషిని ఎత్తుకుపోలేక లేమెక్ ఇంకో రెండు శనివారాలు ఆగాడు. మూడో శనివారం అక్కను ఎక్కించుకుపోవడానికి అద్దె సైకిలు మాట్లాడుకుని ఇంటికే వచ్చాడు. అరుగు మీద కాయలు ఒలుస్తున్న ఎనెలేసి అతన్ని ఎగాదిగా చూసింది.

"లేమెక్, ఆ దుమ్ము కాళ్లతో నా ఇంట్లోకి రాకు. అటుపోయి కడుక్కో."

లేమెక్ కుళాయి దగ్గర కాళ్లు కడుక్కున్నాడు. అంతసేపు ఎందుకు కడిగాడో తియాంజనే అడగలేదు. ప్రార్థన ఇంటి మాట ఆయన ఇక ఎత్తలేదు.

అంతా బాగైందని నేను చెప్పను. ఆ జబ్బు బాగయ్యేది కాదు. మంచి రోజులు కొన్నే ఇస్తుంది, అందులో నాలుగు నెలలు మనం చేతులారా పారబోశాం. ఎనెలేసి పాడే పాటల్లో రెండు మళ్లీ రాలేదు.

ఆ తర్వాతి మంగళవారం ఫైనెస్ వాళ్లమ్మ ఆరోగ్య కేంద్రం వెనక తియాంజనేను ఆపింది. వినాల్సిన మాటలు వినడానికి తియాంజనే సిద్ధపడింది.

"మా ఆయనకీ రెండు పుస్తకాలున్నాయే" అంది ఫైనెస్ వాళ్లమ్మ, గొంతు తగ్గించి. "రెండోది పరుపు కింద ఉంది. మూర్ఛ జబ్బు. మూడేళ్లయింది."

"ఎందుకు దాచావక్కా?"

"ఇంకెందుకు? నీ నోటికి జడిసి."

"నా నోటికా?" తియాంజనేకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "నీ నోటికి జడిసి నేను, నా నోటికి జడిసి నువ్వు. మధ్యలో మా అమ్మ నేల మీద పడింది. వెళ్లి ఆ పుస్తకం తీసుకురా. మాత్రలన్నీ ఒకే సంచీలో వేసుకురా, నేనిక్కడే ఉంటాను. జబ్బును ఊరందరి దగ్గరా దాచినా బతకొచ్చు అక్కా, మందు రాసేవాడి దగ్గర దాచి బతకలేం."