ఎర్రమొన లేని తూటా

"దుప్పికి గాయమై పారిపోతే దాని వెంట ఆ నల్లబండల దాకా పోవాలి కదే, అప్పుడేం చేస్తావు?" అన్నాను, ఓట్స్ గంజి గిన్నె ఇష్బెల్ ముందు పెడుతూ.

నా కూతురు తలెత్తలేదు. "ఇంకా గడప దాటలేదమ్మా. అప్పుడే బండల మీంచి తోసేశావా నన్ను?"

"నువ్వు ఉయ్యాల్లో ఉన్నప్పుడే మీ అమ్మ మనసులో వందసార్లు కిందపడ్డావు" అన్నాడు ఫార్కర్, నా మొగుడు. తుంటి అరిగిపోయి ఆయన వేట మానుకున్నాడు. ఇప్పుడు పైన పడిన దుప్పిని గుర్రం మీద కట్టి కిందికి దించుకురావడం ఆయన పని.

నవ్వుకుంటే నవ్వుకోనీ. మా తమ్ముడు రూరీ గాయపడిన దుప్పిని వెతుక్కుంటూ పోయి, మర్నాడు ఆ నల్లబండల కింద శవమై దొరికాడు. మా కొండల్లో ఒక కట్టుబాటు ఉంది. ఎవరి తూటా గాయం చేసిందో వాళ్ళే వెళ్ళి, దాన్ని పట్టుకుని, బాధ తీర్చి రావాలి. పొగమంచు కమ్మినా సరే, ఒంటరిగానైనా సరే. సగం ప్రాణంతో దాన్ని వదిలేసి వచ్చినవాళ్ళని మళ్ళీ కొండ మీదికి ఎవరూ పిలవరు.

ఇవాళ ఇష్బెల్‌కి పరీక్ష. ఈ కొండలకి పెద్ద వేటగాడు టోర్కిల్. మంద పెరిగి, చలికాలంలో మేత చాలక చస్తాయని ఏటా కొన్ని ఆడ దుప్పుల్ని తగ్గిస్తారు. ఇవాళ ఒకదాన్ని నా కూతురు ఒక్క దెబ్బకి పడగొడితే, టోర్కిల్ కింద ఉద్యోగం దీనిదే. చిన్నప్పటినుంచీ ఇంకో పని చేస్తానన్న పిల్ల కాదు.

నా భయమంతా ఆ కొత్త తుపాకీ గురించి. వేసవి నుంచీ మా ఇంట్లో తగువు అదే. ఫార్కర్‌ది వాళ్ళ నాన్న కాలం నాటి, లావు తూటా పట్టే త్రీ నాట్ ఎయిట్ తుపాకీ. ఇష్బెల్ మాత్రం గొట్టం సన్నంగా ఉండే ఆరున్నర మిల్లీమీటర్లది తెచ్చుకుంది. ఇవాళ పొద్దున కూడా మొదలుపెట్టారు.

"అది తుపాకీ కాదే, సూది. బొంతలు కుట్టుకో దాంతో."

"నీది గాడిద నాన్నా. భుజాన్ని తన్నడమే దాని పని. ఆదివారం గురి పోటీల్లో నా సూది లోయ అవతలి రేకుని మోగిస్తుంది. నీ గాడిద సగం దారిలోనే నేలచూపులు చూస్తుంది."

"రేకుకి నొప్పి ఉండదు. గాయమైతే పరిగెత్తదు."

"దుప్పిని అంత దూరం నుంచి కొడతానని నేనెప్పుడన్నాను? దాని దగ్గరికి బురదలో పాక్కుంటూనే పోతాను. పోటీకైనా కొండకైనా తుపాకీ ఒకటే. తూటాలే వేరు."

ఆ తూటాలే నాకు పడవు. రెండు పెట్టెలు బల్ల మీదే ఉన్నాయి. ఒకదాంట్లో తూటాలకి ఎర్రటి ప్లాస్టిక్ మొన. అది దుప్పి ఒంట్లోకి పోగానే పువ్వులా విచ్చుకుంటుంది, ప్రాణం అక్కడికక్కడే పోతుంది. రెండోది పోటీ తూటాల పెట్టె. వాటికి ఉత్త రాగి మొన. విచ్చుకోదు, ఇటునుంచి అటు దూసుకుపోతుంది. దుప్పి ఆ కన్నం పెట్టుకుని ఎంత దూరమైనా పరిగెత్తుతుంది. తొడుగు ఒకటే, రెండూ ఒకే గొట్టంలో పడతాయి.

బయట టోర్కిల్ జీపు హారన్ వినిపించింది. ఇష్బెల్ కిటికీలోంచి ఆయనకి చెయ్యి ఊపుతూనే పెట్టెలోంచి గుప్పెడు తూటాలు తీసి నడుము సంచిలో వేసుకుంది.

"బొటనవేలితో తడమందే ఏదీ గొట్టంలో పెట్టకు" అన్నాడు ఫార్కర్. రోజూ అనేదే.

"అలాగే నాన్నా. ముద్దు కూడా పెట్టుకుంటాను" అని వెళ్ళిపోయింది.

వాళ్ళు వెళ్ళి గంట దాటాక నేను గిన్నెలు కడుగుతున్నాను. ఫార్కర్ పెట్టెల్ని ఇనప బీరువాలో పెట్టి తాళం వేద్దామని వచ్చాడు. ఎంతకీ బీరువా తలుపు చప్పుడు వినపడలేదు. వెనక్కి తిరిగాను.

"ఏమే" అన్నాడు నెమ్మదిగా. "ఈ పెట్టెలు కదిపావా?"

"గిన్నెలకి చోటెక్కడుంది మరి? ఇటుది అటు జరిపాను. ఏం?"

"కొండ తూటాలు ఎప్పుడూ ఎడంపక్క పెడతాం."

ఒక పెట్టె మూత తెరిచి నావైపు తిప్పాడు. ఎర్రమొనలు వరసగా, నిండుగా ఉన్నాయి. రెండో పెట్టె తెరిచాడు. రాగి మొనల వరసలో ఒక మూల ఖాళీ.

నా చేతిలో గిన్నె తొట్టిలో పడింది.

ఫార్కర్ రేడియో అందుకున్నాడు. "టోర్కిల్, వినిపిస్తోందా? ఇష్బెల్?" బుస్సుమనడం తప్ప ఏమీ లేదు. మళ్ళీ పిలిచాడు. మళ్ళీ అదే బుస్సు.

"ఆపేసి ఉంటారు" అన్నాడు. "మంద దగ్గరికి పాక్కుంటూ పోయేటప్పుడు చిటుక్కుమన్నా అవి లేచిపోతాయి. నేను గుర్రం కడతాను."

"నువ్వెళ్ళేలోపు ఏం మిగుల్తుందయ్యా అక్కడ?"

ఆయన ఎర్ర పెట్టె కోటు జేబులో పెట్టుకుని కుంటుకుంటూ పెరట్లోకి పోయాడు. నేను రేడియో నొక్కి పిలుస్తూనే ఉన్నాను. కిటికీలోంచి చూస్తే నల్లబండల తల మీద అప్పుడే తెల్లగా పొగమంచు దిగుతోంది. రూరీ పోయిన రోజు కూడా మంచు అక్కడినుంచే దిగింది.

అప్పుడు వినిపించింది, పేలుడు. ఒక్కటే. కొండ చుట్టూ తిరిగి తిరిగి అణిగిపోయింది.

ఫార్కర్ గుర్రాన్ని వదిలేసి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఇద్దరం రెండో పేలుడు కోసం చెవులు రిక్కించాం. రెండోది వినిపిస్తే మొదటి దెబ్బ చెడిందని అర్థం. వినపడకపోతే దుప్పి పడిందని అర్థం. కానీ ఆ తూటాతో ఇంకో అర్థం కూడా ఉంది. దుప్పి లేచి కనుచూపు మేర దాటిపోయింది, పిల్ల దాని వెనకాల బయల్దేరింది.

రెండో పేలుడు రాలేదు.

"పడిపోయిందేమో" అన్నాను, ఆయన ముఖం చూస్తూ.

ఆయన కొండనే చూస్తున్నాడు.

"ఇష్బెల్, వెళ్ళకే" అన్నాను రేడియోలో. "తప్పు నాది. పెట్టెలు జరిపింది నేను. టోర్కిల్‌కి నేను చెప్పుకుంటాను. ఉద్యోగం పోతే పోనీ. దాని వెంట పోకు తల్లీ. పలుకు."

బుస్సుమంది. పొయ్యి మీద కెటిల్ మరిగి మరిగి దాని నీళ్ళు అదే ఆవిరి చేసుకుంది. దాన్ని దించాలని కూడా ఎవరికీ తోచలేదు. నల్లబండలు సగం దాకా మాయమయ్యాయి. వాళ్ళు ఏ వైపు పోయారో తెలియకుండా ఆ మంచులో ఫార్కర్ ఎటని వెతుకుతాడు? ఫార్కర్ కోటు జేబులో చెయ్యి పెట్టి ఆ పెట్టెని పట్టుకునే ఉన్నాడు. పిలిచి పిలిచి నా గొంతు పోయింది. రేడియో మీట మీద వేలు మాత్రం తీయలేకపోయాను. ఆయన వచ్చి నా వేలు పట్టుకుని మెల్లిగా పైకి తీశాడు.

"నొక్కి పట్టుకుంటే అవతలివాళ్ళ మాట రాదే" అన్నాడు.

రేడియో గరగరమంది.

"అమ్మా, ఇప్పుడే ఆన్ చేశాం. ఎంతసేపు నొక్కి పెట్టావు?" ఇష్బెల్ గొంతు, గుసగుసగా. "ఆ పేలుడు మాది కాదు, అవతలి కొండవాళ్ళది. మా మంద బెదిరి వాగు దాటింది, అంతే. నేను అప్పటికే పడుకుని తూటా చేతిలోకి తీసుకున్నాను. తడిమితే మొన చల్లగా తగిలింది. ఎర్రమొన అంత చల్లగా ఉండదు కదా, అందుకే గొట్టంలో పెట్టలేదు. నాన్నని ఎర్ర పెట్టె తీసుకుని వాగు దగ్గరికి రమ్మను. తినడానికి కూడా ఏమైనా పంపించు. వెలుగున్నంతసేపూ ఆగుతానంటున్నాడు టోర్కిల్ మామ."