వంపు మాటలు

కూకూ సంకటి తిప్పేటప్పుడు చెయ్యి ఆపకూడదు. బెండకాయలు ఉడికించిన నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ, మొక్కజొన్న పిండిని చెక్క తెడ్డుతో గుండ్రంగా తిప్పుతూనే ఉండాలి. కాస్త ఏమరితే అడుగంటుతుంది. మా ఆయన డార్న్‌లీకి సరిగ్గా ఆ వేళకే నాతో పని పడుతుంది. అతను రేడియోలో క్రికెట్ వ్యాఖ్యాత. మ్యాచ్ ఉన్న రోజు భోజన విరామంలో గ్రౌండు నుంచి ఇంటికి ఫోన్ చేస్తాడు. బార్బడోస్ అంతా, భార్య మీద ఎంత ప్రేమో అనుకుంటుంది.

"ఎర్మీ, తొందరగా చెప్పు. బంతి పైకి లేచి, గాల్లో కాసేపు నిలబడి, దబుక్కున దిగింది. దాన్నేమంటారు?"

నేను ఫోన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని తెడ్డు తిప్పుతూనే, "పైకి లేచిన దానికి లూప్ అను, దిగిన దానికి డిప్ అను" అంటాను. అవతల టక్కున పెట్టేస్తాడు. ఉంటానని కూడా అనడు. అరగంటలో ఆ మాట రేడియోలోంచి నా వంటింట్లోకే తిరిగొస్తుంది, అతని గొంతు వేసుకుని. సాయంత్రం మా సందులో పిల్లలు పాత టెన్నిస్ బంతి విసురుకుంటూ అదే మాట అరుస్తుంటారు. అది వాళ్ళకి డార్న్‌లీ గారి మాట.

పెళ్ళికి ముందూ, తర్వాత కొన్నాళ్ళూ నేను చిన్నపిల్లల బడిలో టీచర్ని. అక్షరాలకంటే ముందు వంపులు నేర్పేదాన్ని. బోర్డు మీద సుద్దముక్కతో ఒక మెలిక గీసి, దానికున్న ఇంగ్లీషు పేరు చెప్పి, పిల్లలందరిచేతా గాల్లో వేలితో గీయించేదాన్ని. చుట్టుకుంటే కాయిల్, ముడుచుకుంటే కర్ల్, సుడి తిరిగితే స్వర్ల్. రెండో కాన్పయ్యాక మా అత్తగారు, "ఇంట్లో పిల్లల్ని ఏడవనిచ్చి ఊళ్ళో పిల్లలకి సున్నాలు దిద్దిస్తావటే?" అన్నారు. డార్న్‌లీ పేపర్లోంచి తల ఎత్తలేదు. నేను బడి మానేశాను. మాటలు మాత్రం నన్ను మానలేదు. దుప్పట్లు పిండుతున్నా, కూతురి జుట్టు పాయలు తీస్తున్నా నోట్లో అవే తిరిగేవి. అతను మొదటిసారి ఫోన్ చేసి అడిగినప్పుడు ఎంత మురిసిపోయానో! అబద్ధం ఎందుకాడాలి? ఆ రోజంతా పాడుకుంటూ అంట్లు తోమాను.

మరి ఇప్పుడు ఏమైంది నాకు? అదే తెలియదు. మాటలు నా పుట్టింటి నగలా ఏమన్నా? నేనూ ఎక్కడో విన్నవే, ఎక్కడో చదివినవే. ఇస్తే తరిగిపోయాయా? లేదు. మరెందుకు రేడియో వింటుంటే ఛాతీలో ఏదో అడ్డం పడ్డట్టుంటుంది? కుళ్ళా? సొంత మొగుడి మీద కుళ్ళేమిటి, ఛీ! కాదనుకుంటే మరింకేమిటి? పోయిన నెలలో మా చిన్నమ్మాయి షెర్రిల్ బడి నుంచి పరిగెత్తుకుంటూ వచ్చి, "అమ్మా, నాన్న నిన్న స్వర్వ్ అన్నారు కదా, దానర్థం నీకు తెలుసా? పోనీ నేను చెప్పనా?" అంది. చెప్పమన్నాను. బుజ్జి వేలితో గాల్లో పక్కకి ఒరిగిపోయే గీత గీసి మరీ చెప్పింది. నేను బడిలో గీయించినట్టే. బాగా చెప్పావమ్మా అని, లోపలికెళ్ళి ఊరికే గిన్నెలు సర్దాను.

ఈ మధ్య రేడియో వాళ్ళు అతని మాటలన్నీ కలిపి చిన్న పుస్తకం వేస్తామన్నారు. "నీ రాత గుండ్రంగా ఉంటుంది, శుభ్రంగా ఎత్తి రాసిపెట్టవే" అని గురువారం నాడు కాయితాల కట్ట నా ముందు పడేసి వెళ్ళాడు. ఇస్త్రీ అయ్యాక కూర్చున్నాను. ఒక్కో మాటా రాస్తుంటే ఏ రోజు, ఏ కూర పొయ్యి మీద ఉండగా చెప్పానో అన్నీ గుర్తొచ్చాయి. అన్నిటికంటే అడుగున అంకితం పేజీ ఉంది. "వేళకి టీ అందించే నా భార్య ఎర్మిన్‌కి."

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. అంకితం ఇచ్చాడుగా, ఇంకేం కావాలి నీకు అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ పేజీ కూడా గుండ్రంగా, తప్పుల్లేకుండా ఎత్తి రాశాను. ఎందుకు రాశానో కూడా తెలియదు.

ఇవాళ శనివారం. ట్రినిడాడ్ నుంచి కొత్త స్పిన్నర్ ఎవరో వచ్చాడట, పొద్దున్నే నలుగుర్ని పడగొట్టాడు. అత్తగారు వరండాలో రేడియో ఒళ్ళో పెట్టుకుని, "నా కొడుకు చెప్తుంటే కళ్ళకి కట్టినట్టుంటుంది, కడుపులోంచే నేర్చుకొచ్చాడు" అని పక్కింటావిడతో అంటున్నారు. నేను తెడ్డు పట్టుకున్నాను. ఫోన్ మోగింది.

"ఎర్మీ, వీడి బంతి కొత్తగా ఉందే! బయటికి వెళ్ళి, మళ్ళీ తనకి తానే లోపలికి చుట్టుకుని, చివర్లో కొక్కెంలా పట్టేస్తోంది. చెప్పు చెప్పు, టైం లేదు."

మాట నాలుక చివరే ఉంది. ఒకటి కాదు, మూడున్నాయి. నోరు తెరిచాను.

"తెలియదు" అన్నాను.

"తెలియదా? నీకా? ఆటలొద్దే!"

"టీ మాత్రం వేళకి అందిస్తానులే" అని ఫోన్ పెట్టేశాను. కూకూ అప్పటికే అడుగంటిన వాసన వేస్తోంది. తప్పు చేశానా? కోపమా ఇది, బుద్ధి రావడమా? ఏమీ తేలలేదు. పొయ్యి ఆర్పేసి, పెళ్ళయిన ఈ పదమూడేళ్ళలో మొదటిసారి మ్యాచ్ జరుగుతుండగా వరండాలోకి వచ్చి అత్తగారి పక్కన ఉత్తచేతులతో కూర్చున్నాను.

ఆట మొదలైంది. "స్పిన్నర్ వస్తున్నాడు... వేశాడు... బంతి... బంతి ఇలా... ఇలా వెళ్ళి..." అన్నాడు డార్న్‌లీ. ఆగాడు. గ్రౌండులో జనం హోరు వినిపిస్తోంది తప్ప అతని గొంతు లేదు. పక్కింటావిడ నా వైపు చూసింది. సందులో పిల్లలు ఆట ఆపి గేటు దగ్గరికొచ్చారు.

అత్తగారు రేడియోని రెండుసార్లు తట్టి, చెవి దగ్గర పెట్టుకుని, "ఏమైందే దీనికి? పాడైపోయిందా ఏమిటి, కాస్త చూడు" అన్నారు.

"పాడవలేదు అత్తయ్యా" అన్నాను. "నేను చెప్పడం మానేశాను."